అపోహలు - వాస్తవాలు: బోరులో “రెండించుల నీళ్లు” అంటే ఎన్ని నీళ్లు?

బోరు వేయించిన రైతులు మా దగ్గరకు రాగానే అడిగేది దాదాపు ఒకటే: “సార్, రెండించుల నీళ్లు పడ్డాయి, ఎన్ని హెచ్‌పీల మోటారు దించమంటారు?” అప్పు చేసి బోరు వేయించిన మనిషి ఆందోళన నాకు అర్థమవుతుంది. ఇంచుల మీద ఊరూరా తిరిగే మాటలను మాత్రం సహించలేను.

అపోహ: రెండించుల నీళ్లంటే రెండించుల పైపు నిండా వచ్చే నీళ్లు, ఒక ఇంచు బోరుకు అది రెట్టింపు.

వాస్తవం: రెండూ తప్పే. ఆ ఇంచులు పైపు వెడల్పుకు సంబంధించినవి కావు. 90 డిగ్రీల వీ-నాచ్ పలకలో (నీరు పారేందుకు ‘V’ ఆకారంలో గాటు కోసిన పలక) గాటు అడుగు కొస నుంచి నీరు ఎంత ఎత్తున నిలిచిందో అవి చెబుతాయి. ఎత్తు పెరిగేకొద్దీ గాటులో నీటి వెడల్పూ వేగమూ కూడా పెరుగుతాయి కాబట్టి, ఒక ఇంచుకు గంటకు సుమారు 510 లీటర్లు వస్తే రెండించులకు 2,900, రెండున్నరకు 5,000, మూడించులకు 8,000 లీటర్ల దాకా వస్తాయి. అంటే రెండున్నరను మూడుగా చదివితే, ఒక రెండించుల బోరు ఇచ్చేటన్ని నీళ్లు లేకుండానే లెక్కలోకి వచ్చేస్తాయి.

అనంతపురం వైపు ఒక చీనీ (బత్తాయి) రైతు, బోరు వేసే రిగ్గు దగ్గర చెప్పిన మూడించుల మాట నమ్మి, గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు రెండు వేలు ఒకేసారి నడిచేలా పైపులు వేయించుకున్నారు. చివరి వరుసలకు నీరు అందక చెట్లు వాడిపోతుంటే కంగారుగా పిలిచారు. మోటారును కొన్ని గంటలు ఆడించాక 200 లీటర్ల డ్రమ్ము పెట్టి చూస్తే, నిండడానికి నాలుగు నిమిషాలు పట్టింది. గంటకు 3,000 లీటర్లు, 750 డ్రిప్పర్లకే సరిపోతుంది. తోటను మూడు భాగాలు చేసి వంతులవారీగా వదిలితే చివరి చెట్లకూ నీరు అందింది. రిగ్గు కంప్రెసర్ గాలితో ఎగదన్నే నీరు తొలి పొంగు మాత్రమే. డ్రిప్పర్లు, పంపులు ఎంత నీరిస్తాయో లీటర్లలోనే చెబుతారు కనుక బోరునూ నిమిషానికి ఇన్ని లీటర్లని రాసుకోండి. వేసవిలో మళ్లీ కొలవండి.

అపోహ: జలాశయంలో ఇన్ని క్యూసెక్కులు ఉన్నాయి.

వాస్తవం: క్యూసెక్కు (సెకనుకు ఒక ఘనపుటడుగు) ప్రవాహానికి కొలత, టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగులు) నిల్వకు. 11,574 క్యూసెక్కులు 24 గంటలు పారితే ఒక టీఎంసీ.

అపోహ: హెచ్‌పీ పెంచితే నీళ్లు పెరుగుతాయి.

వాస్తవం: హెచ్‌పీ అనేది మోటారు శక్తి మాత్రమే, బోరులో ఊరేదానికన్నా ఎక్కువ తోడితే మోటారు ఖాళీగా తిరిగి కాలిపోతుంది. నీరు ఎంత లోతు నుంచి రావాలో, నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తాయో ఈ రెండూ చెప్పి, పంపు పట్టికలో ఆ వరుస చూపించమని దుకాణంలో అడగండి.