నీరసం వయసు వల్ల వచ్చేది కాదు: అమ్మల ఆరోగ్యంపై అపోహలు - వాస్తవాలు

పిల్లల్ని బడికి పంపి, వంట ముగించి, ఆఫీసుకో పొలానికో పరుగెత్తే అమ్మ 35 ఏళ్లకే "ఒంట్లో సత్తువ లేదు" అంటుంది. వయసు మీద పడుతోంది కదా అని ఇంట్లోవాళ్లు సరిపెడతారు. ఆ వయసులో సత్తువ తగ్గితే దానికి కారణం ఉంటుంది. చాలాసార్లు అది చిన్న పరీక్షల్లోనే దొరుకుతుంది, చాలావరకు సరిచేసుకోవచ్చు కూడా.

అపోహ: ఇద్దరు పిల్లల తల్లికి నీరసం మామూలే.

చుట్టుపక్కల అందరికీ ఉంది కాబట్టి మామూలుగా కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికే తలనొప్పి, ఊరికే విసుగు, జుట్టు రాలడం దీని గుర్తులే. పచ్చి బియ్యమో బలపమో నమలాలనిపిస్తే అది ఇనుము తగ్గిందని ఒళ్లు చెబుతున్న మాట. దాన్ని చెడ్డ అలవాటని తిట్టి ఊరుకోకండి.

గర్భంతో లేని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత. 12 ఉన్నంత మాత్రాన ఇనుము సరిపడా ఉన్నట్టు కాదు. హిమోగ్లోబిన్ వంటింటి డబ్బాలోని బియ్యమైతే, ఒంట్లో నిల్వ ఉన్న ఇనుమును చూపే ఫెర్రిటిన్ గాదెలోని ధాన్యం. గాదె ఖాళీ అయ్యాకే డబ్బా తగ్గడం మొదలవుతుంది. అందుకే రక్తపరీక్షతో పాటు ఫెర్రిటిన్ కూడా చూడమని అడగండి. అది 15 కన్నా తక్కువుంటే ఇనుము లోపం ఖాయం. 30కి తగ్గి లక్షణాలుంటే చాలామంది డాక్టర్లు అప్పుడే మందు మొదలుపెడతారు. అదే రక్తంతో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే పరీక్ష), షుగర్ చూడొచ్చు. మాంసం, గుడ్డు ముట్టనివారైతే బి12 విటమిన్ కూడా.

అపోహ: బీట్‌రూట్, దానిమ్మ తింటే రక్తం పడుతుంది.

రంగు చూసి పుట్టిన నమ్మకమిది. 100 గ్రాముల బీట్‌రూట్‌లో గానీ దానిమ్మలో గానీ ఇనుము 1 మిల్లీగ్రాము కూడా ఉండదు. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. అంత పెద్ద అంకె ఎందుకంటే, ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుములో పదో వంతు కూడా ఒంటబట్టదు.

కాబట్టి ఏం తింటున్నామనే దానితో పాటు దేనితో కలిపి తింటున్నామో కూడా చూడాలి. తోటకూర పప్పు దించాక, వేడి కాస్త తగ్గాక అర చెక్క నిమ్మరసం పిండండి. పొయ్యి మీదుండగానే పిండితే సి విటమిన్ చాలావరకు పోతుంది. భోజనంతో ఉసిరికాయ, పచ్చి టమాటా ముక్కలు, తర్వాత జామకాయ కూడా ఆ పనే చేస్తాయి. టిఫిన్ తిన్న వెంటనే తాగే టీ మాత్రం ఆ పూట ఇనుమును సగానికి పైగా అడ్డుకోగలదు. టీ, కాఫీలకు తిండికి అటూ ఇటూ గంట ఎడం ఉంచండి. మాంసాహారులకు వారానికోసారి మేక కార్జం మంచిది. గర్భంతో ఉన్నవారు మాత్రం డాక్టర్‌ని అడిగాకే తినాలి.

రక్తం ఇప్పటికే తగ్గిపోయిన వారికి తిండి ఒక్కటే చాలదు, మాత్ర కావాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. వారానికొకటి వేసుకునేది రక్తహీనత రాకుండా ఆపడానికి. వచ్చినవారికి రోజూ కావాలా, రోజు విడిచి రోజా అన్నది డాక్టర్ చెబుతారు. మలం నల్లగా వస్తే భయపడకండి, అది మాత్ర రంగే. కడుపులో తిప్పితే మానేయకుండా రాత్రి భోజనమయ్యాక వేసుకోండి. కొంత తక్కువ పట్టినా పూర్తిగా మానేయడం కన్నా మేలు. నెలలో హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగాలి. పెరగలేదంటే మాత్ర టీతోనో పాలతోనో పడుతోందా, నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా, కడుపులో నులిపురుగులున్నాయా, పుట్టుకతో వచ్చే తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని రక్తదోషం) ఛాయ ఉందా అని చూడాలి. 12 దాటగానే ఆపేయడం చాలామంది చేసే పొరపాటు. గాదె నిండడానికి ఇంకో మూడు నెలలు పడుతుంది.

అపోహ: మాత్రలన్నీ పొద్దున్నే ఒకేసారి వేసుకుంటే మర్చిపోకుండా ఉంటాం.

థైరాయిడ్ మాత్ర, ఇనుము, కాల్షియం మూడూ కలిపి మింగితే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. మందు రోజూ వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ దిగడం లేదంటే ముందు చూడాల్సింది ఇదే. 6 గంటలకు పరగడుపున థైరాయిడ్ మాత్ర, మంచినీళ్లతో. 7 గంటలకు కాఫీ, 8:30కి టిఫిన్. 11 గంటలకు ఇనుము మాత్ర, నిమ్మకాయ నీళ్లతో. కాల్షియం రాత్రి భోజనం తర్వాత. థైరాయిడ్ మాత్రకు మిగతా రెండింటికీ నాలుగు గంటల ఎడం ఉండాలన్నదే ఇందులో సూత్రం. ఇనుము రాత్రికి మారితే కాల్షియాన్ని మధ్యాహ్న భోజనం తర్వాతకు మార్చండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవారు థైరాయిడ్ పరీక్షకు రెండు మూడు రోజుల ముందు వాటిని ఆపాలి. లేకపోతే రిపోర్టు తప్పుగా రావచ్చు.

అపోహ: మూడు పూటలా తింటున్నాను, బలానికేం లోటు లేదు.

కడుపు నిండుతుంది గానీ కండకు కావలసింది అందదు. 55 కిలోల స్త్రీకి రోజుకు దాదాపు 46 గ్రాముల ప్రోటీన్ కావాలి. బిడ్డకు పాలిస్తుంటే ఇంకా ఎక్కువ. పొద్దున 3 ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, ఒక గరిటె పప్పు, రాత్రి చారన్నం, పెరుగు. ఇవన్నీ కలిపినా 35 గ్రాములు దాటడం కష్టం. పైగా ఎక్కువ భాగం బియ్యం నుంచే. ఇంట్లో అందరికీ వడ్డించి చివర కూర్చునే అమ్మకు పప్పు అడుగున నీళ్లే మిగులుతాయి. తన గిన్నె ముందే తీసిపెట్టుకోవడం అన్నింటికన్నా సులువైన మార్పు.

ఖరీదైన పౌడర్లు అక్కర్లేదు. ఒక గుడ్డు 6 గ్రాములు. గుప్పెడు పల్లీలు, అంటే 30 గ్రాములు, 7 గ్రాములు. 50 గ్రాముల పెసలతో వేసిన పెసరట్లు 12 గ్రాములు. 25 గ్రాముల మీల్‌మేకర్ ఎండుగా తూచి వండితే 13 గ్రాములు. వీటిలో ఏ రెండు చేర్చినా లోటు తీరుతుంది.

అపోహ: ఇంటిపనే పెద్ద వ్యాయామం.

ఇంటిపని అలుపునిస్తుంది, కండను పెంచడానికి మాత్రం చాలదు. ముప్పైల నుంచే కండ మెల్లగా తరుగుతుంది. దాన్ని ఆపాలంటే కండకు అలవాటైన దానికన్నా కాస్త ఎక్కువ బరువు పడాలి, వారానికి కనీసం రెండు రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒక మాట మార్చింది. అంతకు ముందు నడకైనా ఏదైనా ఆగకుండా కనీసం 10 నిమిషాలు చేస్తేనే లెక్క. ఇప్పుడు ఎంత చిన్న విడతైనా వారానికి చేయాల్సిన 150 నిమిషాల్లో కలుస్తుంది. తీరిక లేని తల్లికి ఇంతకన్నా మంచి కబురు లేదు.

పాలు కాగేలోపు కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా 10 సార్లు లేచి కూర్చోండి, మెల్లగా కూర్చోవడం ముఖ్యం. గోడకు అరచేతులు ఆనించి 10 పుషప్‌లు. మంచం దిగేముందు వెల్లకిలా మోకాళ్లు మడిచి నడుము పైకెత్తి 5 అంకెలు నిలపండి, 10 సార్లు. రెండు వారాలకు సులువైపోతే గుండెకు 5 కిలోల గోధుమపిండి ప్యాకెట్ హత్తుకుని లేచి కూర్చోండి. బరువు పెంచకుండా అంకెలే పెంచుకుంటూ పోతే ఫలితం అక్కడే ఆగిపోతుంది.

అపోహ: ఆపరేషన్‌కి వెన్నులో ఇచ్చిన ఇంజెక్షన్ వల్లే ఏళ్ల తరబడి నడుం నొప్పి.

సిజేరియన్ అయిన దాదాపు ప్రతి ఇంట్లో వినిపించే మాట. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉంటుంది, తగ్గిపోతుంది. ఏళ్ల తరబడి నొప్పికి అది కారణమని పరిశోధనల్లో తేలలేదు. అసలు కారణం ముందువైపు ఉంది. గర్భంలో సాగిన పొట్ట కండరాలు మధ్యలో విడిపోయి, నడుముకు ఆసరా తగ్గుతుంది. దానికి తోడు వంగి పాలివ్వడం, బిడ్డను ఒకే పక్క చంకనేసుకోవడం.

ఇంట్లోనే చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, తల కొంచెం ఎత్తి, బొడ్డు పైన వేళ్లు అడ్డంగా నొక్కండి. రెండు వేళ్లు దిగేంత సందుంటే సిట్-అప్‌ల జోలికి పోకుండా ఫిజియోథెరపిస్ట్‌ని కలవండి. పొట్ట తగ్గాలని సిట్-అప్‌లు చేస్తే ఆ సందు ఉబ్బి నొప్పి పెరగొచ్చు. పాలిచ్చేటప్పుడు ఒళ్లో దిండు పెట్టి బిడ్డను రొమ్ము దగ్గరికి తెచ్చుకోండి, మీరు బిడ్డ మీదికి వంగకండి. నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరెక్కినా ఆలస్యం చేయొద్దు.

దగ్గినా నవ్వినా చుక్క మూత్రం పడటం కూడా ఇలాంటిదే. పిల్లలు పుట్టాక అంతేనని సర్దుకోనక్కర్లేదు. మూత్రం ఆపుకున్నట్టు లోపలి కండరాన్ని 5 అంకెలు బిగించి 5 అంకెలు వదలాలి. 10 సార్లు, రోజుకు మూడు విడతలు, మూడు నెలలు. ఊపిరి బిగబట్టకూడదు. నిజంగా మూత్రం పోసేటప్పుడు చేయకూడదు.

చిన్న అపోహలు ఇంకొన్ని ఉన్నాయి. వేడినీళ్లలో నిమ్మ, తేనె కొవ్వును కరిగించదు. కాన్పయ్యాక మూడో నెలలో కుచ్చులుగా రాలే జుట్టు ఏడాదిలోపు తిరిగి వస్తుంది. మంగు మచ్చలకు దుకాణంలో అడిగి తెచ్చుకునే క్రీమ్ ట్యూబ్ మీద బీటామెథాసోన్, క్లోబెటాసాల్, మోమెటాసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. వారంలో తెలుపొచ్చినా చర్మం పలచబడి, ఆపగానే ఎర్రగా మండుతుంది.

అపోహ: పిల్లలు పుట్టేశారు, గర్భసంచి తీసేస్తే పీడ పోతుంది.

2015-16 జాతీయ సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతముంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మన దగ్గర అమ్మల ఆరోగ్యంలో అన్నింటికన్నా బాధపెట్టే అంకె ఇదే. అండాశయాలు కూడా తీస్తే ముట్లు ఆగిపోయే దశ రాత్రికి రాత్రే వస్తుంది. ఒళ్లు సెగలు, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు అన్నీ ముందుకు జరుగుతాయి. అండాశయాలు ఉంచినా ఆ దశ కొన్నేళ్లు ముందే రావచ్చు.

ప్యాడ్ గంటకో రెండు గంటలకో తడిసిపోవడం, రూపాయి బిళ్లంత గడ్డలు పడటం, ఏడు రోజులు దాటడం కచ్చితంగా వైద్యం కావలసినవే. అయితే మొదటి వైద్యం ఆపరేషన్ కానక్కర్లేదు. స్కానింగ్‌లో కారణం చూశాక రక్తస్రావం తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలు, హార్మోన్ మాత్రలు, గర్భసంచిలో అమర్చే, ఐదేళ్ల పాటు పనిచేసే హార్మోన్ లూప్‌తో చాలామందికి తగ్గుతుంది. తెల్లబట్ట ఎక్కువైతే కావలసింది మందులు, గర్భసంచి తీయడం కాదు. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ భయముంటే ముందు చేయించాల్సింది పాప్ లేదా హెచ్‌పీవీ పరీక్ష.

ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేముందు డాక్టర్‌ని నాలుగు అడగండి: జబ్బు పేరేమిటి, ఏ పరీక్షలో తేలింది, మందులతోనో లూప్‌తోనో ఎన్ని నెలలు చూడొచ్చు, అండాశయాలు ఉంచుతారా తీస్తారా. జవాబులు కాగితం మీద రాయించుకుని, ఇంకో డాక్టర్‌కి చూపించండి.