బియ్యం డ్రమ్ములో డైలేటర్

"ఇది నాకెందుకు మేడం? మా ఆయన పోయి నాలుగేండ్లాయె."

దేవరకొండ వైపు నుంచి నల్లగొండకు వచ్చిన ఆమె గొంతు తగ్గించి అడిగింది. గర్భసంచి మూతి క్యాన్సర్‌కి హైదరాబాద్‌లో రేడియేషన్ అయిపోయింది. ఇంటికి పంపేటప్పుడు ఒక డైలేటర్, ఒక ఇంగ్లిష్ కాగితం చేతిలో పెట్టారు. కొవ్వొత్తిలా నున్నగా ఉండే ప్లాస్టిక్ గొట్టం అది. కోడలి కంట పడకుండా పాత జాకెట్ ముక్కలో చుట్టి బియ్యం డ్రమ్ములో దాచిందట.

రేడియేషన్ వల్ల యోని గోడలు పుండుబడి, మానేటప్పుడు ఒకదానికొకటి అతుక్కోవచ్చు. సాగే గుణం తగ్గి దారి ఇరుకవుతుంది. క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూద్దామన్నా పరీక్ష కష్టమవుతుంది. ఆ దారి మూసుకుపోకుండా ఉంచేదే డైలేటర్. అంటే మొగుడు ఉన్నా లేకున్నా అది కావాల్సిందే. ఈ ఒక్క మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పుండు మానిందని డాక్టర్ చెప్పాక మొదలుపెట్టాలి. మోకాళ్లు మడిచి పడుకుని, నీళ్లతో కడిగితే పోయే రకం జెల్లీ రాసి, మెల్లగా లోపలికి పెట్టి రెండు మూడు నిమిషాలు ఉంచాలి. వారానికి రెండు మూడుసార్లు చాలు. తర్వాత సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. ఒకటి రెండు రక్తపు చుక్కలకు కంగారు వద్దు. ఎక్కువ పోయినా, బాగా నొప్పి పెట్టినా ఆపేసి రావాలి.

ఇది మేమిచ్చే పరికరం. ఆన్‌లైన్‌లో తెప్పించుకునే సెక్స్ టాయ్స్, పంపుల్లాంటివాటి గురించైతే నోరే విప్పరు. ఓపీలో వెనక పది మంది మెడలు సాచి చూస్తుంటే ఎవరడుగుతారు? మేమే తలుపు వేసి అడగాలి. షుగర్ వల్ల అంగం గట్టిపడక, రక్తాన్ని అందులోకి లాగే వాక్యూమ్ పంపు కొన్నవాళ్లలో, అంగం మొదట్లో తొడిగే దాని రబ్బరు రింగు 30 నిమిషాల్లో తీసేయాలని తెలియనివాళ్లున్నారు. ఎక్కువసేపు ఉంచితే రక్తం ఆడక కండ దెబ్బతింటుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందే డాక్టర్ని అడగాలి.

మలద్వారంలో వాడే టాయ్‌కి అడుగున వెడల్పాటి అంచు తప్పనిసరి. అక్కడి కండరం వస్తువును లోపలికి లాగేసుకుంటుంది, ఆపే గోడంటూ ఉండదు. లోపలికి పోతే ఇంట్లో తంటాలు పడకుండా క్యాజువాలిటీకి రండి. మేం నవ్వం.

మెత్తగా, ఘాటు వాసనతో ఉండే చవక ప్లాస్టిక్‌లో కంటికి కనబడని సందులుంటాయి, ఎంత కడిగినా క్రిములు పోవు. మోటారు లేని అసలు సిలికాన్‌నైతే మరిగించుకోవచ్చు. పైన కండోమ్ తొడిగితే కొబ్బరినూనె రాయకండి, రబ్బరు చిరుగుతుంది.

మూడు నెలలకు ఆమె మళ్లీ వచ్చింది. పరీక్షకు ఇబ్బంది కాలేదు. ఇప్పుడెక్కడ దాస్తున్నావమ్మా అన్నాను.

"బియ్యం డ్రమ్ములనే మేడం. కాకపోతే స్టీలు డబ్బాల పెట్టిన."