కుక్కల శిక్షణ: నేను రోజూ వినే అపోహలు, పనిలో చూసిన వాస్తవాలు

నేను ఈ పనిలోకి నేరుగా ట్రైనర్‌గా రాలేదు. యజమానులు ఊరెళ్తూ కుక్కల్ని వదిలివెళ్లే బోర్డింగ్‌లో గదులు కడగడం, గిన్నెలు నింపడంతో మొదలుపెట్టాను. అక్కడ ఏ కుక్కకూ ఏమీ నేర్పే పని లేదు, కాబట్టి రోజంతా వాటిని చూస్తూ ఉండేవాణ్ణి. ఏది తలుపు దగ్గరికి పరిగెత్తుకొస్తుంది, ఏది మూల వదలదు, ఏది తిండి ముట్టదు, ఎవరు పక్కన కూర్చుంటే తింటుంది. ఆ తర్వాత కొంతకాలం పశువైద్యుడి దగ్గర సాయంగా పనిచేశాను. తిండితో, ఆటతో నేర్పే ఒక ట్రైనర్ దగ్గర శిష్యరికం చేసింది ఆ తర్వాతే.

ఈ వరుస నాకు చాలా మేలు చేసింది. ఇప్పటికీ కొత్త కుక్క వస్తే మొదట ఏ ఆజ్ఞా ఇవ్వను. వదిలేసి చూస్తాను. అది చేసే ప్రతి పనీ దాని లోపల ఏం జరుగుతోందో చెబుతుంది. 'దీన్ని ఎలా దారికి తేవాలి' అని అడిగేముందు 'దీనికి ఏమైంది' అని అడిగితే, కింద రాసిన అపోహల్లో చాలావరకు పుట్టేవే కావు.

అపోహ: కుక్క తోడేలు జాతిది. మనమే నాయకులమని చూపించకపోతే నెత్తికెక్కుతుంది.

దీని మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త ప్రచురించిన అధ్యయనం. ఆయన చూసినవి జూలో బంధించి ఉన్న తోడేళ్లు. ఇరుకు ఆవరణలో, పారిపోయే దారి లేక అవి ఆధిపత్యం కోసం కొట్టుకున్నాయి. డేవిడ్ మీచ్ అనే మరో శాస్త్రవేత్త 1970లో తన పుస్తకంలో ఆ ఆలోచనను బాగా ప్రచారంలోకి తెచ్చాడు. తర్వాత అదే మీచ్ కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించి, సహజంగా బతికే గుంపు అంటే సాధారణంగా తల్లి, తండ్రి, వాటి పిల్లలేనని 1999లో రాశాడు. తను ప్రచారం చేసిన మాటను తనే సరిదిద్దాడు. ఆ పాత మాట మాత్రం కుక్కల శిక్షణలో ఇంకా బతికే ఉంది.

మీ కుక్క లీష్ (మీరు పట్టుకునే తాడు) లాగుతోందంటే ముందు ఏదో వాసన ఉంది. సోఫా ఎక్కిందంటే అది మెత్తగా ఉంది. 'ముందు నేను తినాలి, తర్వాతే అది తినాలి' లాంటి నియమాల వల్ల ఒరిగేదేమీ లేదు. వెల్లకిలా పడేసి అదిమిపట్టడం మాత్రం నిజంగా ప్రమాదం. ప్రాణం మీదికి వచ్చిందనుకున్న కుక్క నోటికి ఆ క్షణంలో అందేది మీ మొహమే.

అపోహ: మొరిగే కుక్క కరవదు. తోక ఊపితే స్నేహమే.

మొరిగే కుక్కా కరుస్తుంది, తోక ఊపే కుక్కా కరుస్తుంది. తోక ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. సంతోషంగా ఉన్న కుక్కకు నడుము దగ్గర్నుంచి వెనక సగమంతా ఊగుతుంది, నోరు వదులుగా తెరుచుకుని ఉంటుంది. అదే తోక నిక్కబొడుచుకుని, కర్రలా బిగిసి, చివర మాత్రమే వేగంగా కదులుతూ, నోరు మూసుకుని, బరువంతా ముందుకాళ్ల మీద ఉంటే దగ్గరికి వెళ్లకండి. ఇటలీ శాస్త్రవేత్తలు 2007లో ఇంకా సూక్ష్మమైన సంగతి గమనించారు. యజమానిని చూసినప్పుడు తోక ఎక్కువగా కుడివైపుకీ, పరాయి పెద్దకుక్కను చూసినప్పుడు ఎడమవైపుకీ ఊగిందట. పనిలో అంత సూక్ష్మంగా చూసే వీలు నాకు దొరకదు. బిగుసుకుందా, వదులుగా ఉందా అన్నదే చూస్తాను.

కరిచే ముందు చాలా కుక్కలు చాలాసార్లు చెబుతాయి. మొహం పక్కకి తిప్పుకుంటాయి. తిండి లేకుండానే పెదాలు నాక్కుంటాయి. నిద్ర రాకుండానే ఆవలిస్తాయి. తల కదపకుండా కళ్లు మాత్రం పక్కకి తిప్పుతాయి, అప్పుడు తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తుంది. ఇవేవీ ఎవరూ పట్టించుకోకపోతేనే గుర్రుమంటాయి. అందుకే గుర్రుమన్నందుకు కుక్కను కొట్టొద్దని నేను ప్రతి ఇంట్లోనూ బతిమాలి చెబుతాను. కొడితే గుర్రుమనడం ఆగుతుంది, భయం అలాగే ఉంటుంది. 'ఏ హెచ్చరికా లేకుండా కరిచింది' అని నా దగ్గరికి తెచ్చే కుక్కల్లో చాలావాటికి ఆ హెచ్చరిక ఇవ్వొద్దని ఇంట్లోవాళ్లే నేర్పి ఉంటారు.

గిన్నె దగ్గరికి వెళ్తే గుర్రుమనే కుక్కనే తీసుకోండి. చాలామంది గిన్నె లాక్కుని 'ఎవరు పెద్దో' చూపిస్తారు. అలా లాక్కున్నకొద్దీ దాని అనుమానం నిజమవుతుంది. నేను తింటున్న కుక్కకు చాలా దూరంలో, అది నమలడం ఆపని చోట నిలబడతాను. అక్కడి నుంచి గిన్నెలో ఉన్నదానికంటే రుచైన మాంసం ముక్క ఒకటి దానివైపు విసిరి, వెనక్కి తిరిగి వెళ్లిపోతాను. అంతే. వెళ్లిపోవడం ముఖ్యం. కొన్ని రోజులకి నన్ను చూడగానే అది తల ఎత్తి, వదులుగా తోక ఊపుతూ ముక్క కోసం ఎదురుచూస్తుంది. అప్పుడు ఒక్క అడుగు దగ్గరవుతాను. మెడ మళ్లీ బిగిస్తే ఆ అడుగు వెనక్కి తీసుకుంటాను. పిల్లలున్న ఇంట్లో ఈ పని పెద్దవాళ్లు మాత్రమే, ట్రైనర్ పక్కన ఉండగా చేయాలి. ఇది పూర్తయ్యేదాకా కుక్కకు విడిగా, తలుపు వేసిన గదిలో తిండి పెట్టండి.

ఇంకో మాట. నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న కుక్క ఉన్నట్టుండి మీద పడుతోందంటే ముందు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. చెవిపోటు, పంటి నొప్పి, తుంటి కీళ్ల నొప్పి ఉన్న కుక్కకు శిక్షణ ఇవ్వడం అన్యాయం.

అపోహ: తప్పు చేశానని దానికి తెలుసు, కావాలంటే మొహం చూడండి.

2009లో కుక్కల మనసుపై పరిశోధన చేసే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ దీన్ని పరీక్షించింది. తినొద్దన్న ముక్కను కుక్క తిన్నదో లేదో యజమానికి సరిగ్గా తెలియకుండా చేసింది. ఆ 'తప్పు చేసిన మొహం' తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు, యజమాని తిట్టాడా లేదా అన్నదాన్ని బట్టి వచ్చింది. మీరు సాయంత్రం ఇంటికొచ్చి, పొద్దున కొరికిన చెప్పు చూపించి తిడితే దానికి అర్థమయ్యేది మీరు ఇంటికి రావడం భయంకరమని మాత్రమే. మెచ్చుకోలైనా, తిట్టైనా, పని జరిగిన ఒకటి రెండు సెకన్లలోనే అందాలి.

అపోహ: తిండి పెట్టి నేర్పితే అది లంచం. దండం దశగుణం భవేత్.

పని చేశాక అందేది జీతం. ముక్క ముందే చూపించి పిలిస్తే అది లంచమే అవుతుంది, అందుకే ముక్క చేతిలో కనిపించకూడదు. కుక్క కూర్చుంది, 'భేష్' అన్నారు, ఆ తర్వాతే చెయ్యి జేబులోకి వెళ్లాలి. పని బాగా వచ్చాక ప్రతిసారీ ఇవ్వక్కర్లేదు. ఒకసారి ముక్క, ఒకసారి బంతి, ఒకసారి వెళ్లి ఆ చెట్టు వాసన చూసుకునే సెలవు. చాలా కుక్కలకు మూడోదే పెద్ద బహుమతి.

పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కలపై జరిగి 2020లో వచ్చిన అధ్యయనంలో, చోక్ చైన్ (లాగితే మెడకు బిగుసుకునే గొలుసు), షాక్ కాలర్ (కరెంటు షాక్ ఇచ్చే మెడపట్టీ) లాంటివాటితో నేర్పే చోట కుక్కలు టెన్షన్ లక్షణాలు ఎక్కువ చూపించాయి, శిక్షణ తర్వాత వాటి లాలాజలంలో కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోన్ కూడా ఎక్కువ పెరిగింది. అమెరికాలో జంతు ప్రవర్తనపై పనిచేసే పశువైద్యుల సంఘం 2021లో అన్ని కుక్కలకూ బహుమతి పద్ధతినే సిఫారసు చేసింది. నొప్పితో ఇంకో చిక్కు ఉంది. షాక్ తగిలిన క్షణంలో కుక్క ఒక పిల్లాడివైపు చూస్తుంటే, ఆ నొప్పిని పిల్లాడికి ముడిపెట్టుకోవచ్చు.

అపోహ: భయపడుతుంటే దగ్గరికి తీసుకోవద్దు, భయం అలవాటైపోతుంది.

సూదికి ఏడుస్తున్న పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుంటే వాడికి భయం పెరగదు, కుక్కకీ అంతే. ఉరుముల రాత్రి మీ పక్కకి వస్తే రానివ్వండి.

అపోహ: మొక్కై వంగనిది మానై వంగునా?

వంగుతుంది. ముసలి కుక్కలు నేర్చుకుంటాయి, ఓపిగ్గా కూడా ఉంటాయి. అయితే చిన్నప్పటి గడువు ఒకటి నిజంగానే ఉంది. సుమారు 3 నుంచి 14 వారాల వయసులో చూసినవాటిని కుక్కపిల్ల తేలిగ్గా మామూలుగా తీసుకుంటుంది. టీకాలన్నీ పూర్తయ్యేదాకా గదిలోనే ఉంచితే ఆ కాలం వెళ్లిపోతుంది. వైద్యుణ్ణి అడిగి, ఎత్తుకునైనా సరే లోకం చూపించండి. గొడుగులు, గడ్డాలు, చక్రాల కుర్చీలు, బళ్ల మోత, అన్నీ దూరం నుంచి, దానికి ఇష్టమైనంతసేపే.

అపోహ: ఫలానా జాతైతే ఫలానాలాగే ఉంటుంది.

18,000కు పైగా కుక్కల యజమానులు చెప్పిన వివరాలతో 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, కుక్కల ప్రవర్తనలో తేడాల్లో జాతితో వివరించగలిగింది సుమారు 9 శాతమే. జాతి పేరు విన్నా, నేను మీ కుక్కనే చూస్తాను.

అపోహ: ట్రైనర్ దగ్గర ఓ నెల వదిలేస్తే తయారై వస్తుంది.

నా దగ్గర కూర్చునే కుక్క మీ ఇంట్లో కూర్చోకపోవచ్చు. స్థలం, మనిషి, సమయం అన్నీ కలిపి నేర్చుకుంటుంది అది. అందుకే వదిలి వెళ్లేవాళ్లను నేను తీసుకోను, ఇంట్లో అందరూ పాఠానికి రావాలంటాను. ఏ ట్రైనర్ దగ్గరికి వెళ్లినా రెండు ప్రశ్నలు వేయండి: నా కుక్క సరిగ్గా చేస్తే మీరేం చేస్తారు? తప్పు చేస్తే ఏం చేస్తారు? జవాబు మీకు అర్థమయ్యే మాటల్లో రాకపోయినా, పాఠం చూడనివ్వకపోయినా, అక్కడ కుక్కను వదలకండి.