పేగు తీగా, ఉక్కు తీగా? బేస్ వాయించేవాళ్ల చిక్కు ఎక్కడ మొదలైంది

అప్‌రైట్ బేస్ అంటే నిలబెట్టి వాయించే, పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం. మనిషికంటే ఎత్తుగా ఉంటుంది, తీగలు మాత్రం నాలుగే: కింది స్వరం నుంచి పైకి ఇ, ఎ, డి, జి. ఇరవయ్యో శతాబ్దం సగం దాకా అవి దేంతో చేసినవన్న ప్రశ్న పెద్దగా రాలేదు. బేస్ తీగ అంటే పేగు తీగే, అంటే గట్. ఇవాళ గట్ తీగలు కొందామనుకునేవాళ్లు ముందు ఆ పరిస్థితి ఎందుకు మారిందో తెలుసుకోవాలి.

క్యాట్‌గట్ అన్న పేరు విని పిల్లి పేగు అనుకోకండి, అది గొర్రె పేగు. మన సారంగి ప్రధాన తీగలకు మేక పేగు వాడినట్టే. పేగును శుభ్రం చేసి, సన్నటి పట్టీలుగా చీల్చి, తడిగా ఉండగానే పురిపెట్టి, లాగి కట్టి ఆరబెడతారు. స్వరం కిందికి పోయేకొద్దీ తీగ బరువు పెరగాలి. ఉత్త పేగుతోనే ఆ బరువు తేవాలంటే తీగ తాడంత లావవుతుంది, మోగదు. పదిహేడో శతాబ్దం రెండో సగంలో పేగు మీద లోహపు తీగ చుట్టడం వచ్చాక ఈ ఇబ్బంది తీరింది. జి, డి ఉత్త పేగు, ఎ, ఇ లోహం చుట్టిన పేగు అన్న నేటి అమరిక ఆ ఉపాయం నుంచి వచ్చిందే.

ఈ తీగ విలువ బాగా తెలిసింది న్యూ ఓర్లీన్స్ జాజ్ వాళ్లకు. బేస్‌కు మైకు, యాంప్ (శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) లేని రోజులవి. ట్రంపెట్ల మధ్య బేస్ వినపడాలంటే బ్రిడ్జి (తీగలను మోసే చెక్క ముక్క) ఎత్తి, తీగను బలంగా లాగి వదలాలి. 1892లో పుట్టిన బేసిస్టు పాప్స్ ఫాస్టర్ లాంటివాళ్లు తీగను ఎంత లాగేవాళ్లంటే, వదిలితే అది ఫింగర్‌బోర్డు (వేళ్లతో తీగను నొక్కే పలక) మీద టప్పున కొట్టుకునేది. అదే స్లాప్. 1954లో మెంఫిస్‌లో సన్ సంస్థ విడుదల చేసిన ఎల్విస్ ప్రెస్లీ తొలి రికార్డులో డ్రమ్ముల్లేవు, బిల్ బ్లాక్ బేస్ స్లాప్ చప్పుడే తాళం. గట్ లావుగా, మెత్తగా ఉంటుంది కాబట్టి గంటల తరబడి అలా లాగినా వేళ్లు తట్టుకుంటాయి. మోత గుండ్రంగా లేచి త్వరగా ఆగిపోతుంది. నాకు ఆ ఆగిపోవడమే ఇష్టం, తర్వాతి దెబ్బకు చోటు దొరుకుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆపరేషన్ కుట్లకు గట్ అవసరం పెరిగి, సంగీతానికి కొరత వచ్చింది. గిటార్‌కు నైలాన్ తీగలు వచ్చింది ఆ రోజుల్లోనే. తర్వాత వియన్నా థొమాస్టిక్ వాళ్ల స్పైరోకోర్ లాంటి ఉక్కు తీగలు బేస్‌కు వచ్చాయి. వాతావరణం మారినా వాటి శ్రుతి అంతగా చెదరదు, మోత ఎక్కువసేపు నిలుస్తుంది. యాంప్ వచ్చాక బలంగా లాగాల్సిన పనీ తగ్గింది.

అసలు మలుపు ఇక్కడే ఉంది. తీగతోపాటు వాయిద్యాన్నీ మార్చేశారు. బ్రిడ్జి దించారు, నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాళ్లు సన్నబడ్డాయి. ఉత్త గట్ జి తీగ సుమారు 2 మిల్లీమీటర్ల లావుంటుంది, ఉక్కు జి అంతకంటే బాగా సన్నం. అందుకే ఇవాళ గట్ కొని తెస్తే అది ఆ గాడిలో దిగదు. గాడి వెడల్పు చేయించాలి, తీగలు ఊగడానికి చోటుండేలా బ్రిడ్జినీ ఎత్తించాలి. మళ్లీ ఉక్కుకు వెళ్లాలంటే ఆ గాడి వదులైపోతుంది. మాగ్నెటిక్ పికప్ (తీగ కదలికను అయస్కాంతంతో పట్టి యాంప్‌కు పంపే పరికరం) ఉంటే అది ఉత్త పేగును అసలు పట్టదు.

జాజ్ బేసిస్టు చార్లీ హేడెన్ మధ్యేమార్గం పట్టారు: పై స్వరాల తీగలు రెండూ గట్, కింది స్వరాలవి రెండూ ఉక్కు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేనూ అదే చెబుతాను, ముందు జి, డి మార్చి చూడండి. ఖరీదు, తేమ గురించి టెన్షన్ ఉంటే గట్‌ను పోలిన సింథటిక్ తీగలున్నాయి. ఉత్త గట్టే తీసుకుంటే కొన్నాళ్లకు తీగ మీద వెంట్రుకల్లా పోగులు లేస్తాయి. వాటిని లాగకండి, పురి వెంబడి చీలిపోతుంది. గోళ్ల కత్తెరతో మొదట్లో కత్తిరించి, గుడ్డకు చుక్క నూనె అద్ది తుడవండి.