ఉత్తర్వు లేకుండానే మూతపడే గ్రంథాలయాలు

మహారాష్ట్రలో తెలుగువాళ్లున్న సరిహద్దు ప్రాంతంలో, నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ తాలూకాల్లో గాని, చంద్రపూర్ జిల్లా రాజురాలో గాని, గడ్చిరోలి జిల్లా సిరొంచలో గాని ఒక పల్లె గ్రంథాలయం మూతపడితే దానికి ఉత్తర్వు ఉండదు. ఒక రోజు తాళం తీయరు. మర్నాడూ తీయరు. పేపరు కోసం వచ్చే పెద్దవాళ్లు నాలుగు రోజులు అరుగు మీద కూర్చుని చూసి, తర్వాత రావడం మానేస్తారు. గ్రంథాలయాలకు నిధులు చాలడం లేదు, ఉన్నవి కూడా పోతాయేమో అన్న ఆందోళన మా ప్రాంతంలో ఎప్పటినుంచో ఉంది. అయితే ఎవరిని అడగాలో తెలియదు. ఎందుకంటే ఇవి సర్కారు నడిపే శాఖలు కావు. ఊళ్లోని ఒక ట్రస్టు నడుపుతుంది, ప్రభుత్వం అనుదానం, అంటే సాయం సొమ్ము, ఇస్తుంది. ఈ ఏర్పాటు ఎలా వచ్చిందో తెలిస్తే తప్ప ఇప్పటి కష్టం అర్థం కాదు.

తెలుగు గ్రంథాలయోద్యమానికి మహారాష్ట్ర పరాయి నేల కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టడానికి కారకుల్లో ముఖ్యుడైన కొమర్రాజు లక్ష్మణరావు చదువుకున్నది నాగపూర్‌లో. ఆయన మరాఠీలో వ్యాసాలు రాశారు, మరాఠీవారు సంఘాలు పెట్టుకుని చదువును ఎలా పెంచుకుంటున్నారో దగ్గరనుంచి చూశారు. నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే అనుమతి, బడి పెట్టాలంటే అనుమతి. అలాంటి రోజుల్లో నలుగురూ ఒకచోట చేరడానికి మిగిలిన దారి గ్రంథాలయమే. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభలు కూడా గ్రంథాలయాలను తమ ప్రధానమైన పనుల్లో ఒకటిగా చూశాయి. నాందేడ్ అప్పుడు అదే రాజ్యంలో ఉంది. సిరొంచ మాత్రం బ్రిటిష్ పాలనలోని మధ్య పరగణాలది.

ఈలోగా మద్రాసులో గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ పట్టుబట్టి సాధించిన చట్టం 1948లో వచ్చింది. అందులోని కీలకం ఒక్కటే, సెస్సు. ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయం కోసం కొంత విడిగా వసూలు చేయాలి, ఆ డబ్బు జిల్లాలోని గ్రంథాలయ సంస్థకే చేరాలి. 1955లో హైదరాబాద్ రాష్ట్రం కూడా గ్రంథాలయ చట్టం చేసింది. మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం మూడు ముక్కలైంది. నాందేడ్ జిల్లాలోని ముధోల్, భైంసా, బిచ్కుంద, జుక్కల్ ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్, రాజురా బొంబాయి రాష్ట్రంలోకి వచ్చాయి. గీత గీసినవాళ్లు భాష చూశారు, కానీ గీతకు రెండు వైపులా రెండు భాషలూ మాట్లాడే ఇళ్లు మిగిలిపోయాయి. ఏ ఊరు ఎటు పడిందన్నదాన్ని బట్టి ఆ ఊరి గ్రంథాలయం రాత కూడా మారింది.

అటు ఆంధ్రప్రదేశ్ 1960లో కొత్త చట్టం చేసి జిల్లా గ్రంథాలయ సంస్థలను నిలబెట్టింది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. 500 రూపాయల పన్ను కట్టే ఇల్లు 40 రూపాయలు గ్రంథాలయానికి ఇచ్చినట్టు. ఇటు మహారాష్ట్ర 1967లో చేసిన చట్టంలో సెస్సు లేదు. ప్రభుత్వం ఏటా గ్రంథాలయ నిధికి కనీసం 25 లక్షల రూపాయలు ఇవ్వాలని మాత్రం రాసుకున్నారు. దీని మూలం ఇంకా వెనక ఉంది. బొంబాయి ప్రభుత్వం 1939లో ఫైజీ అధ్యక్షతన వేసిన కమిటీ, అప్పటికే ప్రజలు నడుపుతున్న వాచనాలయాలను, అంటే గ్రంథాలయాలను, గుర్తించి సాయం చేయాలన్న దారి చూపింది. ఆ ఆలోచన తప్పని నేను అనను. రత్నగిరిలో 1828లో, నాసిక్‌లో 1840లో, కొల్హాపూర్‌లో 1850లో మొదలైన వాచనాలయాలున్న నేల ఇది. సొంత భవనం, దాతలు, వందల మంది చందాదారులు ఉన్న పట్టణాలకు ఆ పద్ధతి అతికినట్టు సరిపోయింది. పత్తి, మిరప పండించుకుని ఏ ఏటి అప్పు ఆ ఏడు తీర్చుకునే పల్లెకు దాతలు ఎక్కడినుంచి వస్తారు? ఆ ప్రశ్న ఆనాడు మా వైపు నుంచి అడిగినవారు లేకపోయారు.

చట్టం కింద గుర్తింపు పొందిన గ్రంథాలయాలకు అ, బ, క, డ అని నాలుగు వర్గాలు. పుస్తకాలెన్ని, సభ్యులెందరు, ఎన్ని పత్రికలు వస్తాయి, రోజుకు ఎన్ని గంటలు తెరుస్తారు అన్నవి చూసి వర్గం ఇస్తారు. పల్లెల్లో ఎక్కువగా కనిపించేది డ వర్గమే. దానికి పదేళ్ల పాటు అందిన అనుదానం ఏడాదికి 30,000 రూపాయలు. పేపరు బిల్లు, కరెంటు, అద్దె, కొత్త పుస్తకాలు అన్నీ పక్కన పెట్టి మొత్తం గ్రంథపాలుడి చేతిలోనే పోసినా నెలకు 2,500 రూపాయలు. 2022 నవంబరులో రాష్ట్ర మంత్రివర్గం అనుదానాన్ని 60 శాతం పెంచింది. అయినా అదే లెక్కన నెలకు 4,000 దగ్గర ఆగింది. ప్రభుత్వం వేసిన వెంకప్ప పత్కీ కమిటీ, ప్రభా రావు కమిటీ సిబ్బంది జీతాల సంగతి చూశాయి. గ్రంథాలయ ఉద్యోగులు వేతన శ్రేణి కోసం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

2012లో రెవెన్యూ సిబ్బందితో రాష్ట్రమంతటా తనిఖీ జరిగింది. కాగితం మీద మాత్రమే ఉన్న గ్రంథాలయాలు బయటపడ్డాయి. ఆ తనిఖీ జరగవలసిందే, ప్రజల సొమ్ము తిన్నవారిని వదలకూడదు. కానీ దాని తర్వాత కొత్త గుర్తింపులు, పై వర్గానికి మార్పులు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. నిజాయితీగా తలుపు తెరిచి కూర్చున్న డ వర్గం గ్రంథాలయం, పుస్తకాలు పెంచినా సభ్యులను పెంచినా డ దగ్గరే నిలిచిపోయింది. ఎదిగే దారి లేని చోట మనిషి ఎంతకాలం నిలుస్తాడు?

మా తాలూకాలో నాకు తెలిసిన ఒక గ్రంథాలయం ఒకే గది. గోడకు రెండు ఇనుప బీరువాలు, మధ్యలో పొడుగాటి బల్ల. ఉదయం బల్ల చుట్టూ పోలీసు భర్తీకి, తలాఠీ (గ్రామ రెవెన్యూ ఉద్యోగి) పరీక్షకు చదివే కుర్రవాళ్లు, అందరూ మరాఠీ మాధ్యమం వాళ్లే. సాయంత్రం వాళ్ల తాతలు తెలుగు పేపరు కోసం వస్తారు. రెండో బీరువా కింది అరలో తెలుగు పుస్తకాలు, ప్రతి దాని మొదటి పేజీ మీద దేవనాగరిలో గుండ్రటి ముద్ర. వచ్చిన పుస్తకాలు రాసుకునే దాఖలా రిజిస్టరులో వాటి పేర్లు కూడా దేవనాగరిలోనే ఉన్నాయి, పక్కన ఎవరో పెన్సిలుతో తెలుగులో సన్నగా రాసుకున్నారు. ధర గడిలో చాలా వాటికి ‘భేట్’ అని ఉంది, అంటే కానుక. కొనుగోలు డబ్బుతో ఆ అరలోకి వచ్చిన పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

కారణం కనిపెట్టడం కష్టం కాదు. కొనుగోలుకు దారి చూపే ప్రభుత్వ ఎంపిక జాబితాలు మరాఠీ, హిందీ, ఇంగ్లీషు పుస్తకాలతో తయారవుతాయి. డబ్బు తక్కువైనప్పుడు మొదట ఎండిపోయేది జాబితాలో లేని భాష అరే.

2018లో ధర్మాబాద్ ప్రాంతపు ఊళ్లు మమ్మల్ని తెలంగాణలో కలపండి అని గొంతెత్తినప్పుడు రైతుబంధు, పింఛన్ల మాటే అందరూ విన్నారు. గ్రంథాలయం విషయంలో మాత్రం అటువైపును బంగారంగా చూడనక్కర్లేదు. సెస్సు వసూలు చేసిన పంచాయతీలు, మునిసిపాలిటీలు దాన్ని గ్రంథాలయ సంస్థకు జమ చేయక బకాయిలు పేరుకుపోవడం అక్కడి పాత కథ. ఖాళీ పోస్టులు అక్కడా ఉన్నాయి. తేడా ఒక్కటే. అక్కడ బకాయి అని అడగడానికి చట్టంలో ఒక లెక్క ఉంది. ఇక్కడ పల్లెవాసి చేతిలో అడగడానికి ఏ అంకే లేదు, తర్వాతి విడత అనుదానం కోసం ఎదురుచూడటమే.

మహారాష్ట్ర చట్టంలో సెస్సు చేర్చాలంటే శాసనసభ తలచుకోవాలి, అది పెద్ద పని. కానీ నాందేడ్, చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల సరిహద్దు తాలూకాల కోసం ఎంపిక జాబితాకు ఒక తెలుగు భాగం జోడించడానికి చట్టం మార్చనక్కర్లేదు. పుస్తకాలు తెచ్చుకోవడానికి నిజామాబాద్ మాకు ఎంతో దూరం కూడా కాదు.