లివర్‌మోర్ ద్రాక్ష అంట్లు: కాలిఫోర్నియా షార్డొనే వెనుక వెంటీ కుటుంబం

కాలిఫోర్నియాలో కొన్నేళ్లుగా ద్రాక్షతోటలు పీకేస్తున్నారు. వైన్ తాగేవాళ్లు తగ్గారు, వైనరీల ట్యాంకుల్లో నిరుటి సరుకు నిలిచిపోయింది, కొనేవాళ్లు లేక కొన్ని తోటల్లో కాయ తీగ మీదే ఎండిపోయింది. ఆ పీకివేతలో షార్డొనే అనే తెల్లద్రాక్ష తీగలు కూడా పోతున్నాయి. 1960 నాటికి రాష్ట్రమంతా గాలించినా కొన్ని వందల ఎకరాలకు మించి దొరకని ఈ రకం, తరువాత ఒక దశలో 90 వేల ఎకరాలకు పైగా పాకింది. అంత కొద్దిపాటి సాగు ఇంత విస్తారంగా ఎలా పెరిగిందని వెనక్కి వెదుక్కుంటూ పోతే, అన్ని దారులూ దాదాపు ఒకే ఇంటికి చేరతాయి. లివర్‌మోర్ లోయలో 1883 నుంచి అయిదు తరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న వెంటీ వైనరీ అది.

లివర్‌మోర్ పేరు చెబితే బే ఏరియా తెలుగువారికి ముందుగా గుర్తొచ్చేది శివ విష్ణు ఆలయం. గుడికి వెళ్లివచ్చే చాలామందికి ఆ ఊరి దక్షిణపు అంచున ఉన్న నేల కాలిఫోర్నియా వైన్ చరిత్రలో ఎంత ముఖ్యమైనదో తెలియకపోవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోకు తూర్పున ఉన్న ఈ లోయ పడమటి నుంచి తూర్పుకు సాగి ఉండడం వల్ల, పగలంతా మండే ఎండ ఉన్నా సముద్రం వైపు నుంచి వచ్చే చల్లగాలి, పొగమంచు కొండల సందుల్లోంచి లోపలికి జొరబడతాయి. దక్షిణాన పాత వాగులు మోసుకొచ్చి పోసిన గులకరాళ్ల నేల. గుప్పెడు మట్టి తీస్తే సగం రాళ్లే చేతికొస్తాయి. నీరు నిలవని ఆ నేలలో తీగ ఆకు తగ్గించుకుని, వేరును లోతుకు దింపుతుంది. ఊరికి పేరునిచ్చిన రాబర్ట్ లివర్‌మోర్ అనే ఇంగ్లీషు నావికుడు 1840లలోనే ఇక్కడ ద్రాక్ష నాటాడు కానీ, వ్యాపారంగా వైన్ మొదలైంది 1880లలోనే.

ఆ దశకంలో ముగ్గురు మనుషులు ఈ లోయకు రూపం ఇచ్చారు. జర్మనీలోని హానోవర్ ప్రాంతం నుంచి వలస వచ్చి, నాపా లోయలో వైన్ తయారీదారు చార్లెస్ క్రూగ్ దగ్గర పని నేర్చుకున్న కార్ల్ హైన్రిక్ వెంటీ 1883లో ఇక్కడ దాదాపు 48 ఎకరాలు కొన్నాడు. రాష్ట్ర ద్రాక్షసాగు కమిషన్‌లో అధికారిగా పనిచేసిన చార్లెస్ వెట్‌మోర్ క్రెస్టా బ్లాంకా అనే వైనరీ పెట్టాడు. మూడో మనిషి లూయీ మెల్ ఫ్రెంచివాడు. ఫ్రాన్సులో జగత్ప్రసిద్ధమైన షాటో డికెమ్ వైన్ తోట యజమానులతో ఆయన ఇంటివారికి ఉన్న పరిచయం పుణ్యమా అని, వెట్‌మోర్ అక్కడి సెమియాఁ, సోవిన్యోఁ బ్లాంక్ అనే తెల్లద్రాక్షల కొమ్మలు తెచ్చుకోగలిగాడు. 1889 పారిస్ ప్రదర్శనలో వెట్‌మోర్ వైన్ గ్రాండ్ ప్రీ అనే పెద్ద బహుమతి గెలుచుకోవడంతో, అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని కాలిఫోర్నియా పేరు ఐరోపాలో వినబడింది. మెల్ తోట తరువాత వెంటీల చేతికి వచ్చింది, వెట్‌మోర్ వైనరీ కూడా దాదాపు వందేళ్ల తరువాత వచ్చింది. ఈ కుటుంబ చరిత్రలో నాకు ఆసక్తి కలిగించిన లక్షణం ఇదే: పక్కవాడు వదిలేసిన దాన్ని వీళ్లు నెమ్మదిగా దగ్గరికి తీసుకున్నారు.

కార్ల్ కొడుకుల్లో పెద్దవాడు, తండ్రి పేరే ఉన్న కార్ల్, బ్యాంకు కొలువుకు వెళ్లి 1950లలో బ్యాంక్ ఆఫ్ అమెరికా అధ్యక్షుడి దాకా ఎదిగాడు. ఎర్నెస్ట్ తోట చూసుకున్నాడు, హెర్మన్ పీపాలు చూసుకున్నాడు. అసలు కథ ఎర్నెస్ట్ దగ్గర మొదలవుతుంది. 1912లో ఆయన తండ్రిని ఒప్పించి, ఫ్రాన్సులోని మాంపెలియే విశ్వవిద్యాలయపు నర్సరీ నుంచి షార్డొనే కొమ్మలు తెప్పించాడు. అవి చాలవన్నట్టు, పక్క ఊరు ప్లెజంటన్‌లోని గియర్ తోటలో బాగా కాస్తున్న షార్డొనే తీగలు ఎంచి, వాటి కొమ్మలు కూడా తెచ్చి నాటాడు. ఆ తరువాత ఏటా తోటంతా తిరిగి, ఆరోగ్యంగా ఉండి రుచిగా కాసిన తీగలను గుర్తుపెట్టుకుని, మరుసటి నాటుకు వాటి కొమ్మలే వాడాడు.

ఇక్కడ సాగు సంగతి ఒకటి చెప్పాలి. గింజ నాటితే ద్రాక్ష తల్లి పోలికతో రాదు, మామిడి టెంక నాటితే బంగినపల్లి రానట్టే. అందుకే బంగినపల్లికి అంటు కట్టినట్టు, మంచి తీగ నుంచి కోసిన కొమ్మనో మొగ్గనో, వేళ్లను పీల్చి చంపే ఫైలోక్సెరా పురుగును తట్టుకునే మరో ద్రాక్షజాతి వేరుమొక్కకు కడతారు. కాబట్టి ఒక రైతు ఏ తీగను ఎంచుకున్నాడన్నదే, అరవై ఏళ్ల తరువాత ఎక్కడో ఎవరో తాగే వైన్ రుచిని చాలావరకు నిర్ణయిస్తుంది. ఎర్నెస్ట్ చేసిన ఎంపిక అలాంటిది.

ఆ ఎంపిక నిలుస్తుందన్న నమ్మకం మాత్రం అప్పట్లో ఎవరికీ ఉండే అవకాశం లేదు. 1920లో అమెరికా రాజ్యాంగ సవరణతో దేశమంతటా మద్యనిషేధం అమలైంది. ఇంట్లో కొంత పళ్లరసం పులియబెట్టుకోవడానికి చట్టంలో సందు ఉండడంతో ద్రాక్షకు గిరాకీ నిజానికి పెరిగింది. అయితే ఆ గిరాకీ రైలు పెట్టెల్లో వేల మైళ్లు ప్రయాణించి కూడా చెడని మందపాటి తోలు, ముదురు రంగు ఉన్న అలికాంట్ బూషే వంటి ఎర్ర రకాలకే. పలుచని తోలు, చిన్న గుత్తులు, తక్కువ దిగుబడి ఉన్న షార్డొనే న్యూయార్క్ చేరేసరికి ముద్దైపోతుంది. చాలామంది రైతులు దాన్ని పీకి, లేదా తల నరికి ఎర్రరకం అంటు కట్టుకున్నారు. వెంటీలు మాత్రం చర్చిల్లో వాడే ఆరాధన వైన్‌కు ఉన్న మినహాయింపును ఆధారం చేసుకుని, నాపాలోని బ్యూలియూ వైనరీకి తెల్ల వైన్ టోకుగా అమ్ముతూ బతికారు. పశువుల పెంపకం కూడా కొంత ఆసరా అయింది. పదమూడేళ్లు అలా గడిచి 1933లో నిషేధం ఎత్తేసే నాటికి, నికరమైన షార్డొనే మిగిలిన తోటలు రాష్ట్రంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే.

తరువాతి మలుపు సీసా మీది చీటీది. ఆ రోజుల్లో కాలిఫోర్నియా తెల్ల వైన్ ఏ ద్రాక్షతో చేసినా ‘షాబ్లీ’ అనో ‘సోటర్న్’ అనో ఫ్రెంచి ఊళ్ల పేర్లతో అమ్ముడయ్యేది. లోపల ఏముందో కొనేవాడికి తెలియదు. వెంటీలు 1936 పంట సీసా మీద షార్డొనే అని ద్రాక్ష పేరే ముద్రించారు, కాలిఫోర్నియాలో ఇదే మొదటిదని చెబుతారు. న్యూయార్క్ వర్తకుడు ఫ్రాంక్ షూన్‌మేకర్ ద్రాక్ష పేరుతో అమ్మే ఈ పద్ధతిని భుజాన వేసుకుని తూర్పు రాష్ట్రాల్లో ప్రచారం చేశాడు. అయితే చీటీ మీది ద్రాక్ష పేరుకు అప్పటి చట్టం పెట్టిన కొలత చాలా ఉదారమైనది: సీసాలో 51 శాతం ఆ ద్రాక్ష ఉంటే చాలు, పేరు పెట్టుకోవచ్చు. దాన్ని 75 శాతానికి పెంచింది 1983లో.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక వెంటీ తోట కొమ్మలు ఊళ్లు తిరగడం మొదలుపెట్టాయి. నాపా కొండల్లో స్టోనీ హిల్ తోట పెట్టిన మెక్‌క్రే దంపతులు 1940ల చివర ఇక్కడి నుంచే కొమ్మలు తీసుకువెళ్లారు. సొనోమాలో జేమ్స్ జెల్లర్‌బాక్ 1953లో నాటిన హాంజెల్ తోటకు స్టోనీ హిల్ కొమ్మలు వెళ్లాయి. వీటిని పాతకాపులు నేటికీ ‘ఓల్డ్ వెంటీ’ అంటారు. దాని గుత్తి చేతిలోకి తీసుకుంటే వెంటనే గుర్తుపట్టవచ్చు: గోళీకాయంత పండు పక్కనే మిరియపు గింజంత గింజలేని పండు, అదీ ఇదీ కలిసి. ఇంగ్లీషులో దీన్ని కోడి, పిల్లలు అనే అర్థమొచ్చే పేరుతో పిలుస్తారు. చిన్న పళ్లలో రసంతో పోలిస్తే తోలు ఎక్కువ కాబట్టి రుచి చిక్కన. కానీ తూకం తక్కువ, పైగా చాలా తీగలకు ఆకుముడత వైరస్.

డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన హెరాల్డ్ ఓల్మో ఈ రెండు లోపాలూ పోగొట్టే పని పెట్టుకున్నాడు. వెంటీ సంతతి తీగలను లూయీ మార్టీనీ అనే వైన్ తయారీదారు తోటలో పక్కపక్కన పెంచి, సమంగా కాసే వాటిని ఎంచాడు. వేడి చికిత్సతో వైరస్ తొలగించాక 4, 5 నంబర్లతో అవి 1970 ప్రాంతంలో నర్సరీలకు చేరాయి. రైతుకు ఎకరాకు పండే టన్నులు ఒక్కసారిగా పెరిగాయి. 1976లో పారిస్‌లో జరిగిన రుచి పోటీలో షాటో మాంటెలీనా వారి 1973 షార్డొనే ఫ్రెంచి తెల్ల వైన్లను ఓడించేసరికి గిరాకీ కూడా తయారైంది. అమ్మడానికి మొక్క సిద్ధంగా ఉంది, కొనడానికి జనం సిద్ధంగా ఉన్నారు; ఆ తరువాతి పాతికేళ్లలో వేల ఎకరాలు నాటుకున్నది ఈ రెండూ ఒకే సమయంలో కలిసినందువల్లే. నేటి కాలిఫోర్నియా షార్డొనేలో 80 శాతం వెంటీ మూలం ఉన్నదేనని తరచుగా వినబడే లెక్కను నేను కొంచెం జాగ్రత్తగానే తీసుకుంటాను. నాలుగో చేతికి మారిన కొమ్మకు జాతకం రాసినవారు తక్కువ. ‘అత్యధిక భాగం’ అంటే మాత్రం ఎవరూ కాదనరు.

మూడో తరంలో కార్ల్ ఎల్. వెంటీ 1960ల ఆరంభంలో లోయ దాటి, దక్షిణాన మాంటెరీ జిల్లాలోని ఆరోయో సెకోలో తోటలు వేశాడు. లివర్‌మోర్ పట్నం పెరుగుతోందనీ, నేల చాలదనీ ఆయన ముందే గ్రహించాడు. 1977లో ఆయన అకాలమరణం పొందినప్పుడు పిల్లలు ఎరిక్, ఫిలిప్, కారొలిన్ ముగ్గురూ ముప్పై ఏళ్లు నిండనివారే. ఎన్నో కుటుంబ వైనరీలు పెద్ద కంపెనీలకు చేతులు మారిన కాలం అది. తల్లి జీన్ అండతో వాళ్లు అమ్మకుండా నిలబడ్డారు, పైగా 1981లో శిథిలమైన క్రెస్టా బ్లాంకాను కొని, ఇసుకరాతి కొండలోకి తొలిచిన దాని సొరంగాలను బాగుచేయించి, 1986లో బుడగల వైన్ తయారీకీ, భోజనశాలకూ తెరిచారు. తరువాత వైన్ తయారీ బాధ్యత అయిదో తరానికి చెందిన కార్ల్ డి. వెంటీ చేతికి వచ్చింది.

వైన్ల పేర్లలోనే ఈ చరిత్ర కనిపిస్తుంది. లోయలోకి వచ్చే పొగమంచు పేరు పెట్టుకున్న ‘మార్నింగ్ ఫాగ్’ షార్డొనే ఆపిల్ వాసనతో తేలికగా ఉంటుంది, ఓక్ పీపా ఘాటు తక్కువ. ఆరోయో సెకో పంటతో చేసే ‘రివా రాంచ్’ను పీపాల్లోనే పులియబెట్టి, అడుగున చేరిన ఈస్ట్ మడ్డిని కలియబెడుతూ ఉంచుతారు, అందుకే వెన్నలాంటి చిక్కదనం. సోవిన్యోఁ బ్లాంక్‌కు లూయీ మెల్ పేరు, ఒక కాబెర్నే ఎర్ర వైన్‌కు చార్లెస్ వెట్‌మోర్ పేరు పెట్టారు. వెంటీల సంస్థలోనిదే అయిన మరో వైనరీ, ‘మురియెటాస్ వెల్’, మెల్ పాత తోటలోనే ఉంది. హువాకీన్ మురియెటా అనే గజదొంగ తన గుర్రాలకు అక్కడి ఊటబావిలో నీళ్లు పట్టేవాడన్న కథ నుంచి ఆ పేరు వచ్చింది.

ఇక నేల సంగతి. 1952లో జాతీయ అణు పరిశోధనశాల వచ్చిన దగ్గరనుంచీ లివర్‌మోర్‌లో ఇళ్ల స్థలానికి ధర పెరుగుతూ వచ్చింది, సిలికాన్ వ్యాలీ ఉద్యోగులు కొండలు దాటి ఇటు రావడంతో ఇంకా ఎగబాకింది. తోటగా ఉంచితే వచ్చే రాబడికీ, ప్లాట్లు వేస్తే వచ్చే సొమ్ముకూ పోలికే లేదు. అందుకే అలమీడా కౌంటీ 1993లో దక్షిణ లివర్‌మోర్ లోయకు ప్రత్యేక ప్రణాళిక తెచ్చింది. దాని ప్రకారం పెద్ద కమతాన్ని 20 ఎకరాల ముక్కలుగా విడగొట్టి ముక్కకో ఇల్లు కట్టుకోవాలనుకునేవాడు, మిగతా నేలలో ద్రాక్ష వంటి పంట వేసి, దాన్ని శాశ్వతంగా సాగుకే వదిలేస్తున్నట్టు దస్తావేజు రాసివ్వాలి. ఇప్పుడు ఆ లోయలో ఎవరైనా గిట్టుబాటు కాక షార్డొనే పీకేసినా, అలా రాసిచ్చిన నేలలో కొత్త ఇళ్ల వరుస లేవదు. మరో ద్రాక్షో, ఆలివ్ చెట్లో, కాదంటే పశువుల మేతో రావాలి.