మెడకు తగిలించుకునే సింథసైజర్: అపోహలు - వాస్తవాలు

సింథసైజర్ అంటే కరెంటుతో శబ్దం పుట్టించే కీబోర్డు. గిటార్‌లా పట్టీ వేసుకుని వాయించే సింథసైజర్‌ని ఇప్పుడు అందరూ కీటార్ అంటున్నారు. నేను వాయించేవీ, విప్పి బాగుచేసేవీ ఎక్కువగా పాత అనలాగ్ (డిజిటల్ కాని) యంత్రాలే. అందుకని 1980లో వచ్చిన మూగ్ లిబరేషన్, 1982లో వచ్చిన రోలాండ్ ఎస్‌హెచ్-101, ఈ రెండిటి గురించే ఎక్కువ రాస్తాను. వీటి మీద నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: అదంతా స్టేజీ మీద స్టైల్ కోసమే.

కొంత నిజమే, కాదనను. గిటారిస్టు ముందుకొచ్చి గంతులేస్తుంటే కీబోర్డు వాళ్లం స్టాండు వెనకే నిలబడిపోతాం. ఆ ఉక్రోషంలోంచే ఈ ఆకారం పుట్టింది. కానీ వాయించేవాడికి అసలు లాభం ఎడమచేతి దగ్గర ఉంది. లిబరేషన్‌కి గిటార్ మెడలాంటి భాగం ఒకటి ఉంటుంది. దాని మీద స్వరాన్ని పైకీ కిందికీ వంచడానికి వేలు జరిపే పట్టీ, అంటే రిబ్బన్ ఒకటి, ఫిల్టర్‌కీ (శబ్దం రంగు మార్చేది) మాడ్యులేషన్‌కీ (స్వరాన్ని వణికించేది) వాల్యూమ్‌కీ చక్రాలు ఉంటాయి. కుడిచెయ్యి స్వరాలు నొక్కుతుంటే ఎడమచెయ్యి ఆ స్వరానికి ప్రాణం పోస్తుంది. పైగా మీటను నొక్కాక ఇంకాస్త బలంగా అదిమితే దానికీ స్పందిస్తుంది.

మనవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. తోడి రాగంలో గాంధారాన్ని మామూలు కీబోర్డు మీద వాయిస్తే మొద్దుగా నిలబడిపోతుంది. రిబ్బన్ మీద వేలు ఆడిస్తే ఆ స్వరం ఊగుతుంది. వీణ స్థాయికి వస్తుందని చెప్పను, అది వేరే లోకం. కానీ మీట నొక్కి వదిలేసే వాయింపుకీ దీనికీ పోలిక లేదు.

ఎస్‌హెచ్-101లో ఈ పని బెండర్ అనే చిన్న లీవర్ చేస్తుంది. దానికి రెండు స్లైడర్లు విడివిడిగా ఉంటాయి: బెండర్ ఆసిలేటర్‌ని (స్వరాన్ని పుట్టించే భాగం) ఎంత కదపాలి, ఫిల్టర్‌ని ఎంత తెరవాలి అని. ఆసిలేటర్ స్లైడర్ పూర్తిగా కిందికి దించి, ఫిల్టర్‌ది మాత్రం పైకి తోసి చూడండి. స్వరం ఎక్కడిదక్కడే ఉంటుంది, నోరు తెరిచినట్టు 'వా' అని మాత్రం విచ్చుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేను మొదట చూపించేది ఇదే.

అపోహ: లిబరేషన్‌ని సింథసైజర్లకి ఆద్యుల్లో ఒకడైన రాబర్ట్ మూగ్ తయారుచేశాడు.

పేరు ఆయనదే, కంపెనీ అప్పటికి ఆయనది కాదు. 1977లోనే మూగ్ మ్యూజిక్ వదిలి వెళ్లిపోయాడు. లిబరేషన్ వచ్చింది ఆ తర్వాత మూడేళ్లకి. అమ్మకం ప్రకటనల్లో "మూగ్ స్వయంగా డిజైన్ చేసిన" అని రాసి ధర పెంచేవాళ్లని నమ్మకండి.

అపోహ: ఇది 1980ల పాప్ వాళ్ల ఆలోచన.

1795 ప్రాంతంలోనే వియన్నాలో కార్ల్ లియోపోల్డ్ రోలిగ్ ఆర్ఫికా అనే చిన్న తీగల వాయిద్యం తెచ్చాడు. మీటలు ఉండేవి, పట్టీతో తగిలించుకునే వీలూ ఉండేది. కరెంటు సంగతే లేని రోజులవి. 1970ల తొలినాళ్లలో అమెరికన్ రాక్ సంగీతకారుడు ఎడ్గర్ వింటర్ కీబోర్డుకి పట్టీ కట్టి మెడకు తగిలించుకున్నాడు. శబ్దం పుట్టించే యంత్రం మాత్రం పక్కనే ఉండేది, మధ్యలో కేబుల్. లిబరేషన్‌లో ఆసిలేటర్లు, ఫిల్టర్ అన్నీ ఒంటి మీదికే వచ్చాయి.

అలాగని కీటార్ ఆకారంలో కనిపించే ప్రతిదీ తనంతట తాను మోగదు. 1983లో మిడీ (ఒక వాయిద్యం ఇంకోదానికి సంకేతాలు పంపే పద్ధతి) వచ్చాక కోర్గ్ ఆర్‌కే-100 (1984) లాంటివి కేవలం ఏ మీట నొక్కారో ఇంకో యంత్రానికి చెబుతాయి. పాతవి కొనేటప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: ఇందులో శబ్దం ఉందా, లేదా?

అపోహ: మెడకు వేసుకుంటే స్టేజీ అంతా స్వేచ్ఛగా తిరగొచ్చు.

లిబరేషన్ బరువు దాదాపు 6 కిలోలు. రెండు పాటలయ్యేసరికి ఎడమ భుజం మాట్లాడటం మొదలుపెడుతుంది. దీనికి పవర్ సప్లై వేరే పెట్టెలో ఉంటుంది, అక్కణ్ణుంచి పొడవాటి కేబుల్ మీ నడుము దాకా వస్తుంది. పేరుకి అర్థం విముక్తి, యంత్రాన్ని చూస్తే తోక. ఎస్‌హెచ్-101 బ్యాటరీలతో నడుస్తుంది, బరువూ తక్కువే, ప్లాస్టిక్ ఒళ్లు కదా. అయినా ఆంప్లిఫయర్‌కి వెళ్లే వైరు తప్పదు.

ఇంకో తమాషా ఉంది. ఎస్‌హెచ్-101కి పట్టీ, చేతిపిడి విడిగా కొనుక్కోవాలి. ఆ పెట్టె పేరు నిలబెట్టింది వాటితో స్టేజీ మీద తిరిగినవాళ్లు కాదు. 1986లో దాని తయారీ ఆగిపోయాక, సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కుని బల్లమీద పెట్టి డాన్స్ సంగీతం చేసుకున్న కుర్రాళ్లు.

అపోహ: గిటార్‌లాగే దీని మీద కార్డ్స్ (ఒకేసారి కొన్ని స్వరాలు కలిపి) వాయించొచ్చు.

ఎస్‌హెచ్-101 ఒకసారికి ఒకే స్వరం పలుకుతుంది. మూడు మీటలు నొక్కినా ఒకటే వినిపిస్తుంది. లిబరేషన్‌లో ఆర్గాన్ లాంటి బహుస్వర భాగం ఉంది గానీ, ఆ స్వరాలన్నీ ఒకే ఫిల్టర్‌లోంచి పోవాలి. కొత్త స్వరం నొక్కిన ప్రతిసారీ ఒక్కోదానికీ విడి రంగు రాదు.

అపోహ: పాత అనలాగ్ అంటే ఎప్పుడూ శ్రుతి తప్పుతుంది.

అన్నీ ఒకటి కాదు. ఎస్‌హెచ్-101లో ఉన్నది ఒకే ఆసిలేటర్. కింది స్థాయిలో వినిపించే సబ్ ఆసిలేటర్‌ని దాన్నుంచే భాగించి తీస్తారు, కాబట్టి ఆ రెండూ ఒకదానితో ఒకటి శ్రుతి తప్పే ప్రసక్తే లేదు. లిబరేషన్‌లో రెండు ఆసిలేటర్లు విడివిడిగా ఉంటాయి కనుక స్టేజీ లైట్ల వేడికి కాస్త జరుగుతాయి. ప్రోగ్రాంకి ముందు పావుగంట ఆన్ చేసి ఉంచి, తర్వాతే శ్రుతి చేసుకోండి.

శ్రుతి కన్నా పెద్ద టెన్షన్ మెమరీ లేకపోవడం. రెండిట్లోనూ శబ్దాన్ని దాచుకునే వీలు లేదు. పాటకీ పాటకీ మధ్య స్లైడర్లు, నాబ్‌లు చేత్తోనే మార్చుకోవాలి. పక్కన చిన్న టేపు ముక్కలు అంటించి గుర్తులు పెట్టుకోవడం అందరం చేసేదే.

కొనే ఆలోచన ఉన్నవాళ్లకి రెండు మాటలు. అమెరికా నుంచి వచ్చిన లిబరేషన్‌ని మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టేముందు పవర్ సప్లై వెనక ఎన్ని వోల్టులని రాసుందో చదవండి. ఎస్‌హెచ్-101 అయితే బ్యాటరీ మూత తీసి చూడండి. లోపల స్ప్రింగుల మీద తెల్లగా, పచ్చగా పొడి కనబడితే పాత సెల్స్ కారాయని అర్థం. అడాప్టర్ పెట్టి మోగించి చూపిస్తే సరిపోదు, బ్యాటరీలు వేసి కూడా మోగించమనండి.